మూడో బేసు వెనక నోరు

ఆర్డిస్ హ్రాడెక్ నోరు సంగతి మా ఊళ్ళో తెలియనివాళ్ళు లేరు. ముప్పై ఏళ్ళకు పైగా స్కూలు బస్సు నడిపిన మనిషి. వెనక సీటులో ఎవడైనా తోకాడిస్తే ఆమె అద్దంలో చూసి ఒక్క కేక వేసేది. ఆ కేకకి బస్సులో పిల్లలే కాదు, రోడ్డు పక్క మొక్కజొన్న చేలో ట్రాక్టరు మీదున్న రైతు కూడా సర్దుకుని కూర్చునేవాడు. రిటైరయ్యాక ఆ నోటికి పనిలేక మనిషి దిగాలు పడిపోతుందేమోనని మొగుడు మైలో బెంగపెట్టుకున్నాడు. ఉత్త పుణ్యానికి బెంగ. ఆ నోటికి బేస్‌బాల్ ఉంది.

మా జట్టు పేరు బ్లూ హెరన్స్. అంత పేరు పెట్టి ఎవరు పిలుస్తారు, కొంగలంటాం. మిసిసిపీ ఒడ్డున స్టేడియం. గోడకి అవతల నదిలో కొంగలు, ఇవతల మైదానంలో కొంగలు. "అవతలివే నయం, అప్పుడప్పుడూ చేపనైనా పట్టుకుంటాయి" అంటుంది ఆర్డిస్. మావాళ్ళు ఆఖరిసారి కప్పు గెలిచిన నాటికి ఆమె జుట్టు నల్లగా ఉండేది. అయినా సరే, మే నెల వచ్చిందంటే ఆమెకి కాలు ఒకచోట నిలవదు. ఉత్తరాలు తెచ్చే మనిషికీ, చర్చిలో పాస్టరుకీ, కూరగాయల కొట్లో అమ్మాయికీ ఒకటే మాట, ఈ ఏడు మనదే అని.

"పోయినేడూ ఇదే అన్నావు కదే" అంటాడు మైలో.

"పోయినేడు వేరయ్యా. పోయినేడు ఆ జల్లెడగాడు ఉన్నాడు."

జల్లెడగాడంటే మూడో బేసు దగ్గర నిలబడి అటొచ్చే బంతులు ఆపాల్సిన కుర్రాడు, రెమీ తిబో. లూయిసియానా నుంచి వచ్చాడు. పోయిన వేసవిలో ఒక సాయంత్రం నేలబారుగా వచ్చిన బంతి వాడి కాళ్ళ మధ్య నుంచి హాయిగా వెళ్ళిపోయింది. మర్నాడు ఇంకోటి. సరిగ్గా మూడో బేసు వెనక నాలుగో వరసలో ఉంటుంది ఆర్డిస్ సీటు. "ఒరేయ్ అబ్బాయ్, చేతికున్నది గ్లవ్వా, జల్లెడా?" అని ఒక్క అరుపు అరిచింది. గ్యాలరీ గ్యాలరీ అంతా పడీపడీ నవ్వింది. ఆ మర్నాడు ఆమె పక్క సీటు స్నేహితురాలు వెర్నీస్ ఇంట్లోంచి పిండి జల్లెడ పట్టుకొచ్చింది. నెల తిరిగేసరికి ఊళ్ళో సగంమంది చేతుల్లో జల్లెడలే. బంతి జారినప్పుడల్లా జల్లెడలన్నీ పైకి లేచేవి, అందరూ ఆర్డిస్ వైపు చూసేవాళ్ళు, ఆమె "జల్లెడా!" అని ఎత్తుకోగానే మిగతా జనం అందుకునేవాళ్ళు. ఆ కుర్రాడు ఎప్పుడూ వెనక్కి తిరిగి చూడలేదు. టోపీ కింద చెవులు మాత్రం ఎర్రబడేవి.

"పాపం కదుటే" అని మైలో అంటే, "పాపమేంటి? టికెట్టు కొన్నాను. అరవడం అందులోనే ఉంది" అనేది.

మా లీగులో ఆటగాళ్ళకి ఇచ్చే జీతాలు అంతంతమాత్రం. అందుకని ఊరికి వచ్చిన కుర్రాళ్ళని ఊళ్ళోవాళ్ళే తలా ఒకరిని ఇంట్లో పెట్టుకుంటారు. సీజనంతా గదీ, తిండీ వాళ్ళదే. ఆ ఇంటి ఇల్లాలు ఆ వేసవికి వాడి తల్లి కింద లెక్క. ఆర్డిస్‌కి ఎన్నాళ్ళుగానో కోరిక. ఈసారి మేడ మీద గది ఖాళీ చేసి, కొత్త దుప్పట్లు పరిచి, క్లబ్బు ఆఫీసులో జోలీన్‌కి ఫోన్ చేసింది.

"ఎవరిని కావాలి ఆర్డిస్ పిన్నీ?"

"ఏరుకోవడానికి ఇదేమైనా సంతా? ఎవర్ని పంపితే వాడే నా బిడ్డ. ఎడమచేత్తో బంతి విసిరే ఆ కొత్త పిచర్ అయితే మరీ సంతోషం, కానీ నేనేం అడగను" అంది, అడగనంటూనే అడుగుతూ.

శనివారం మధ్యాహ్నం గంట మోగింది. తలుపు తీస్తే, గుమ్మంలో టోపీ తీసి చేత్తో పట్టుకుని రెమీ తిబో.

"మూడో బేసు ఆడతానండీ. పోయినేడు నేనున్న ఇంటివాళ్ళు అరిజోనా వెళ్ళిపోయారు. చోటిచ్చినందుకు చాలా థాంక్సమ్మగారూ."

ఆర్డిస్ నోరు తెరిచింది. తెరిచాక గుర్తొచ్చింది, ఈ గొంతు వీడికి తెలుసని. మొహం ఎన్నడూ చూసి ఉండడు, గొంతు మాత్రం వేసవంతా విన్నాడు. "లోపలికి రా నాయనా" అంది గుసగుసగా. ఆ క్షణం నుంచి ఆ ఇంట్లో గుసగుసే.

ముందుగా చిక్కుల్లో పడ్డది మైలో. పెళ్ళాం పెదాలు కదులుతున్నాయి గానీ మాట వినపడటం లేదు. చెవి మిషనుకి బ్యాటరీ మార్చాడు. మళ్ళీ మార్చాడు. ఆఖరికి దుకాణానికి పట్టుకెళితే, దీనికేం జబ్బు లేదు తాతా అని తిప్పి పంపారు.

"ఏమేవ్, గొంతుకేమైనా వచ్చిందా? డాక్టరుకి చూపిద్దామా?"

"నాకేం రాలేదు. నువ్వు నోరుముయ్యి" అంది ఆర్డిస్ గుసగుసగానే.

"ఏంటీ?"

ఇదీ వరస.

పోనీ కుర్రాడు ఏ పొగరుబోతో అయితే బాధ లేకపోను. ఖర్మ, వాడు బంగారం. తిన్న పళ్ళెం తనే కడిగేవాడు. చెత్తబుట్ట చెప్పకుండానే వీధిలో పెట్టి వచ్చేవాడు. మైలో చెప్పిన చేపల కథే మళ్ళీ చెబుతుంటే మళ్ళీ అంతే నోరు తెరుచుకుని వినేవాడు. ఆర్డిస్ చేసిన కొలాచీలు, అదే గసగసాలు కూరిన తీపి బన్నులు, లెక్కలేకుండా తినేసి, "ఇవి తింటే ఇక పరిగెత్తలేనండీ" అంటూ ఇంకోటి తీసుకునేవాడు. రోజూ సాయంత్రం వరండా మెట్ల మీద కూర్చుని వాళ్ళమ్మకి ఫోన్ చేసేవాడు. పొద్దున్నే గ్యారేజీ గోడకి బంతి విసిరి, తిరిగొచ్చేదాన్ని వంగి పట్టుకునేవాడు. టక్, టక్, టక్. వంటింటి కిటికీలోంచి ఆర్డిస్ చూసేది. ఒక్కటీ జారదే! నడుము ఇంకాస్త వంచరా అని నాలుక చివరిదాకా వచ్చేది, గుటకేసి మింగేది. మనసులో మాత్రం మళ్ళీ ఆశ మొలకెత్తింది. ఈ ఏడు మనదే, మూడో బేసుతో సహా మనదే. వెంటనే ఇంకో మూల నుంచి అనుమానం. గ్యారేజీ గోడ అరవదు కదా. వెయ్యి మంది అరుస్తుంటే వీడి చేతులు ఇలాగే ఉంటాయా?

సీజను మొదలయ్యే ముందు ఆదివారం, వాడు చేతులు కడుక్కుని వంటింట్లోకి వచ్చాడు.

"అమ్మగారూ, ఇవాళ మీరు కూర్చోండి. మా అమ్మ చేసే బెన్యేలు చేసి పెడతాను. పిండి ముద్దలు నూనెలో వేయించి పైన పంచదార పొడి చల్లుతాం. జల్లెడ ఎక్కడుందండీ, పిండి జల్లించాలి?"

జల్లెడ సామాన్ల గది తలుపు వెనక మేకుకి వేలాడుతోంది. దాని పిడికి స్టేడియం కోసం కట్టిన నీలం రిబ్బను కూడా ఉంది. ఆర్డిస్ వెళ్ళి ఆ తలుపుకి వీపు ఆనించి నిలబడింది.

"మా ఇంట్లో జల్లెడ లేదు నాయనా."

"లేకపోవడమేంటే, మొన్ననేగా..." అన్న మైలో కాలు మీద ఆర్డిస్ మడమ పడింది. ముసలాయన కుయ్యిమని ఊరుకున్నాడు.

రెమీ నవ్వాడు. "ఈ ఊళ్ళో జల్లెడ లేని ఇల్లు ఒకటుందంటే, అందులో నన్ను పడేశాడంటే, దేవుడు ఉన్నట్టే."

పిండి అలాగే కలిపాడు, జల్లించకుండానే. కలుపుతూ చెప్పుకొచ్చాడు. పోయిన ఆగస్టులో వాళ్ళమ్మ కొడుకు ఆట చూద్దామని బస్సుకి టికెట్టు కొనుక్కుందట. వద్దమ్మా, ఇక్కడ స్టేడియం కిక్కిరిసిపోతోంది, సీట్లు దొరకడం లేదు అని అబద్ధం చెప్పి ఆపేశాడట. సగం గ్యాలరీ ఖాళీ ఆ నెలంతా.

"నేను పడతానండీ, అది నా పని. ఆమె ముందు ఆ జల్లెడలు పైకెత్తితే ఆమె తట్టుకోలేదు."

"మరి ఈసారైనా రమ్మన్నావా?" ఆర్డిస్ గొంతు ఈసారి కావాలని తగ్గించుకున్నది కాదు.

"మొదటి రెండు వారాలూ గడవనివ్వండి. కోచ్ మొహమాటం లేకుండా చెప్పేశాడు. ఆ రెండు వారాల్లో పనికొస్తే ఉంటాను, లేకపోతే ఇంటికే. ఇంటికెళితే ఇక బేస్‌బాల్ అయిపోయినట్టే, మా మావయ్య రొయ్యల పడవ ఎక్కాలి." చేతికంటిన పిండి గీకుతూ ఆగాడు. "అమ్మగారూ, ఒక మాట అడుగుతాను. అందరికన్నా ముందు ఎత్తుకునే ఆవిడ ఒకావిడ ఉంది. ఆవిడ గొంతు నాకు నిద్రలో కూడా వినిపిస్తుంది. ఎవరో మీకు తెలుసా?"

"అంత జనంలో ఎవరని చెప్పను నాయనా" అంది ఆర్డిస్. బెన్యే నోట్లో పెట్టుకుంది. వెన్నలా ఉంది. తనని తాను ఎంత అసహ్యించుకుందో ఆ పూట ఆమెకే తెలుసు. చెప్పేస్తే మూట సర్దుకుని వెళ్ళిపోతాడు. మేడ మీద గది ఖాళీ అయిపోతుంది. వాడు లేని ఇల్లు ఎలా ఉంటుందో అప్పుడే ఊహించుకోలేకపోతోంది ఆమె.

మర్నాడు వెర్నీస్ ఇంటికి వెళ్ళింది.

"ఒసేయ్, ఈసారి జల్లెడలు వద్దే."

వెర్నీస్ ఆమెని ఎగాదిగా చూసింది. "జ్వరంగా ఉందా? ఇదంతా మొదలెట్టింది ఎవరే తల్లీ? డ్వేన్ పాస్కర్ కొట్లో మొదటిరోజు కోసమని రెండు అట్టపెట్టెల జల్లెడలు తెప్పించాడు, నీలం రిబ్బన్లతో సహా."

"కుర్రాడు మంచివాడే. మా ఇంట్లో ఉంటున్నాడు."

"ఓర్నాయనో! జల్లెడ నీ ఇంట్లోనా?" వెర్నీస్ కడుపు పట్టుకుని నవ్వింది. ఆర్డిస్ కళ్ళలో నీళ్ళు చూశాక నవ్వు ఆపుకుంది. "సరే, ఇలా చెయ్యి. నువ్వు ఎత్తుకోకు. నువ్వు ఎత్తుకుంటేగా మేం అందుకునేది. నువ్వు నోరు మూసుకుంటే అదే చల్లారిపోతుంది. నేను మాత్రం మాటివ్వలేనమ్మా, నాకు అరుపొస్తే ఆగదు."

ఆలోచన బాగానే ఉందనిపించింది ఆర్డిస్‌కి. నోరు మూసుకోవాలి, అంతే. వీడికీ తెలియదు, జల్లెడల గోలా ఉండదు.

మొదటి ఆట రోజున నది మీంచి చలిగాలి కోస్తోంది. జనం దుప్పట్లు కప్పుకుని, వేడి కోకో కప్పులు పట్టుకుని వచ్చారు. పోయినేడు ఆఖరి స్థానంలో నిలిచిన జట్టని ఎవరికీ గుర్తున్నట్టే లేదు. ఒక్కొక్కరి మొహం పెళ్ళివారి మొహంలా వెలిగిపోతోంది. మా ఊళ్ళో ఆ ఒక్కరోజే అలా ఉంటుంది, ఇంకా ఒక్క ఆటా ఓడిపోలేదు కదా. ఆర్డిస్ నాలుగో వరసలో తన సీటులో కూర్చుని, మఫ్లరు మూతికి గట్టిగా చుట్టుకుంది. ఒక పక్క మైలో, ఒక పక్క వెర్నీస్.

కొంగలు మైదానంలోకి పరిగెత్తుకొచ్చాయి. అందరూ అరిచారు, ఆర్డిస్ అరవలేదు. ఎడమచేతి పిచర్ మొదటి మనిషినే అవుట్ చేశాడు. ఆర్డిస్ అరవలేదు. "ఏమైందే ఆర్డిస్‌కి, పోయిందా ఏంటి?" అన్నారు వెనక వరసలో ఎవరో. రెండో ఇన్నింగ్సులో రెమీ బ్యాట్ పట్టుకుని నిలబడ్డాడు. మూడు బంతులు, మూడింటికీ బ్యాట్ ఉత్త గాలిలోనే ఊపాడు. అవుట్. మామూలుగా అయితే ఆర్డిస్ నోటికి అదొక పండగ. మఫ్లరు అంచు పళ్ళతో కొరుకుతూ ఊరుకుంది. వాడు తిరిగి వెళుతూ వెళుతూ ఎన్నడూ లేనిది తలెత్తి గ్యాలరీ వైపు చూశాడు. వరస వెంట వరస వెతుకుతున్నట్టు చూశాడు. ఆర్డిస్ తల దించేసుకుంది.

నాలుగో ఇన్నింగ్సులో వచ్చింది ఆ బంతి. నేలబారుగా, నేరుగా, చిన్నపిల్లలు కూడా పట్టేసే బంతి. రెమీ వంగాడు. బంతి గ్లవ్వు కింద నుంచి దూరి, కాళ్ళ మధ్య నుంచి వెళ్ళి, వెనక గడ్డిలో తీరిగ్గా ఆగింది.

డ్వేన్ జల్లెడలన్నీ రిబ్బన్లతో సహా గాల్లోకి లేచాయి. గ్యాలరీ మొత్తం ఆర్డిస్ వైపు తిరిగింది. ఆమె కదల్లేదు. ఎంతసేపని ఆగుతారు? పై వరసలోంచి డ్వేనే ఎత్తుకున్నాడు, "జల్లెడా!" అని. "జల్లెడా!" అంది గ్యాలరీ. ఆ గోల ఆమె లేకుండానే నడిచిపోతోంది. ఆమె నోరు మూసుకుంటే ఆగిపోయే రోజు ఎప్పుడో దాటిపోయిందని ఆర్డిస్‌కి అప్పుడు తెలిసొచ్చింది. మూడో బేసు దగ్గర ఆ చెవులు ఎర్రగా కందిపోయాయి. ఈసారి ఆ చెవులు ఎవరివో ఆమెకి తెలుసు. ఆ చెవికి ఫోన్ ఆనించుకుని, బాగున్నానమ్మా అని రోజూ చెబుతాడు వాడు.

ఆర్డిస్ మఫ్లరు లాగి పారేసింది. లేచి మైదానానికి వీపు పెట్టి, జనం వైపు తిరిగింది.

"దించండి! అందరూ దించండి! కూర్చోండి!"

నది అవతల ఒడ్డున కూడా విని ఉంటారు. సగంమంది ఆలోచించకుండానే కూర్చున్నారు. చిన్నప్పుడు ఆమె బస్సులో వెళ్ళిన వాళ్ళే మరి వాళ్ళంతా. డ్వేన్ ఒక్కడు జల్లెడ పట్టుకుని నిలబడే ఉన్నాడు.

"ఆర్డిస్ ఆంటీ, నువ్వే కదా పోయినేడు..."

"డ్వేన్ పాస్కర్! రెండో తరగతిలో నా బస్సులో నువ్వు ప్యాంటు తడుపుకుంటే ఈ రోజు దాకా ఎవరికైనా చెప్పానుట్రా? దించు!"

గ్యాలరీ ఫెళ్ళున నవ్వింది. డ్వేన్ చప్పున కూర్చుండిపోయాడు, జల్లెడ వీపు వెనక దాచుకుని.

"ఆ పేరు పెట్టింది నేను" అంది ఆర్డిస్. "ఆ కుర్రాడికి తల్లి ఉంది. రోజూ ఫోన్ చేసుకుంటాడు. నేను సిగ్గులేక పెట్టాను. నేనే తీసేస్తున్నాను. ఇక ఎవడైనా ఆ మాటన్నాడో, వాడి చిన్నప్పటి చిట్టా నా దగ్గర చాలా ఉంది."

నవ్వులు సద్దుమణిగాయి. జల్లెడలు ఒక్కొక్కటే ఒళ్ళోకి దిగాయి. ఆర్డిస్ వెనక్కి తిరిగింది. మూడో బేసు దగ్గర రెమీ ఆట వైపు కాదు, సూటిగా ఆమె వైపు చూస్తున్నాడు. అంపైర్ రెండుసార్లు పిలిస్తే గానీ తిరగలేదు. వాడికి తెలిసిపోయింది. ఆమె సీటులో కూలబడింది. మైలో ఆమె చెయ్యి తన కోటు జేబులో పెట్టుకున్నాడు.

ఆట పోయింది. ఎడమచేతి పిచర్ ఆరో ఇన్నింగ్సులో అలిసిపోయాడు, తర్వాత వచ్చినవాడు అవతలివాళ్ళకి పరుగులు పంచిపెట్టాడు. రెమీ ఎనిమిదో ఇన్నింగ్సులో ఒక బంతిని గట్టిగా కొట్టి ఒక బేసు సంపాదించాడు, అంతకుమించి ఏం జరగలేదు. జనం వెళ్ళిపోయారు. మైలో కారులో హీటరు వేసుకుని కూర్చున్నాడు. ఆర్డిస్ ఆటగాళ్ళు బయటికొచ్చే గేటు దగ్గర నిలబడింది. మైలో రమ్మన్నా వెళ్ళలేదు.

రెమీ అందరికంటే వెనక వచ్చాడు, సంచీ నేల మీద ఈడ్చుకుంటూ. ఆమెని చూసి ఆగాడు.

"మీరేనా?"

"నేనే."

"పోయినేడంతా?"

"పోయినేడంతా, ఒక్క ఆట కూడా వదలకుండా."

"నేను అడిగితే తెలీదన్నారు."

"భయమేసింది నాయనా. చెబితే వెళ్ళిపోతావని. ఇంత దొడ్డ నోరేసుకుని ఆ ఒక్క మాట చెప్పలేకపోయాను." కళ్ళు తుడుచుకుంది. "జోలీన్‌కి చెప్పాను, వేరే ఇల్లు చూస్తుంది. గది బాగుందంటే ఉండు, నీకు ఎదురుపడను. అన్నం మైలో పెడతాడు."

రెమీ మైదానం వైపు తిరిగాడు. దీపాలు ఒక్కొక్కటే ఆరిపోతున్నాయి మైదానంలో.

"నేను అవుటయ్యాక పైకి చూశాను. చూశారా?"

"చూశాను."

"మీ గొంతు కోసమే చూశానండీ. మీరని తెలీదు గానీ, ఆ గొంతు కోసం. వినపడలేదు. ఆవిడ కూడా నా మీద ఆశ వదిలేసుకుంది, ఇక నా పని అయిపోయింది అనుకున్నాను. ఆ తర్వాతే బంతి జారింది." ముక్కు ఎగబీల్చాడు. "పోయిన ఆగస్టులో ఒక రోజు వాన. పదకొండు పరుగులు వెనకబడి ఉన్నాం. గ్యాలరీలో మనిషనేవాడు లేడు. మీరొక్కరే. వంగరా వెధవా, ఇంకా వంగు అని ఆఖరి బంతి దాకా అరుస్తూనే ఉన్నారు. ఎంత కోపమొచ్చిందో. కానీ వంగాను."

"ఆ రోజు బూట్ల నిండా నీళ్ళే" అంది ఆర్డిస్.

"రేపు వస్తారా?"

"రమ్మంటే వస్తాను. నోరు మాత్రం విప్పను, ఒట్టు."

"ఆ ఒట్టేం వద్దు. అరవండి. బంతి వదిలేస్తే తిట్టండి. కానీ నాకు ఒక పేరుంది కదమ్మగారూ, అమ్మ పెట్టింది. పేరు పెట్టి తిట్టండి."

ఆర్డిస్ వాడి మొహంలోకి చూసింది. మాట కోసం తడుముకుంది. దొరికింది.

"రెమీ!"

ఖాళీ స్టేడియం మొత్తం మోగింది. కారులో మైలో ఉలిక్కిపడ్డాడు.

"ఆ సంచీ అలా నేలకేసి ఈడుస్తావేంట్రా, చిరిగిపోదూ? ఎత్తు భుజానికి! పద కారెక్కు, ఈ చలికి చచ్చేలా ఉన్నాం!"

"వస్తున్నానండీ" అన్నాడు రెమీ, సంచీ భుజాన వేసుకుని పరిగెడుతూ.